సిట్టింగ్‌లో కూర్చోని పెద్దమనిషి

తెల్లాపూర్‌లో స్థలం కొన్నామని ఎవరైనా చెబితే నేను చిన్నగా నవ్వుతాను. ఎంతకు కొన్నారో చెప్పకముందే నవ్వుతాను. ఎందుకంటే అదే తెల్లాపూర్‌లో రెండు వందల గజాలు, తూర్పు ముఖం, మూల బిట్టు, కాగితాలన్నీ సాఫుగా ఉన్న స్థలాన్ని, జనం ఊరొదిలి పోదామా అని గాభరా పడుతున్న రోజుల్లో, గజానికి వంద రూపాయల దగ్గర పేచీ పెట్టి వద్దని లేచి వచ్చిన ఘనురాలిని నేను. వందంటే వందే. మా అపార్టుమెంటులో ఎవరు భోజనానికి పిలిచినా స్వీటు వడ్డించే వేళకు ఈ కథ నా చేత చెప్పిస్తారు. నేనూ మొహమాటపడను. కోట్లు సంపాదించినవాళ్లు గచ్చిబౌలి చుట్టుపక్కల వీధికొకరు దొరుకుతారు. కోట్లను ఇంత చవగ్గా పోగొట్టుకున్నవాళ్లను చూపించండి చూద్దాం.

పోయిన నెల ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా ఫోన్ మోగింది. తెర మీద "నల్లగండ్ల రెండెకరాలు" అని పడింది. ఒకప్పుడు నేను తిరిగిన భూముల గుంపులో మనిషి పేరుతో నంబరు దాచుకునే అలవాటు ఎవరికీ లేదు. ఆ మనిషి చేతిలో అమ్మకానికి ఉన్న భూమి పేరుతో దాచుకునేవారు. నేనూ అదే నేర్చుకున్నాను. ఆ రెండెకరాలు ఎప్పుడో అమ్ముడుపోయి, వాటి మీద టవర్లు లేచి, వాటి బాల్కనీల్లో బట్టలు కూడా ఆరుతున్నాయి. నా ఫోన్‌లో మాత్రం అవి ఇంకా ఖాళీ భూమే.

ఎత్తితే ఆడగొంతు. "మేడం, మా నాన్న ఫోన్ నుంచి చేస్తున్న. నాన్న పోయిండు మేడం, మొన్న శుక్రవారం. గుండెపోటు. దవాఖానకు తీస్కపోయే లోపే అయిపోయింది. ఫోన్ల ఉన్నోళ్లందరికి చెప్తున్న. ఎవరెవరో తెలుస్తలేదు, అన్నీ భూముల పేర్లే ఉన్నయి."

అయ్యో అన్నాను. అనవలసిన నాలుగు మాటలూ అన్నాను. ఆ తర్వాత అడగకూడనిది నోట్లోంచి వచ్చేసింది. "నాది ఏ భూమి పేరుతో ఉందమ్మా?"

"ఏమనుకోవద్దు మేడం. మీదొక్కటే భూమి పేరు లేదు. 'లేచిపోయిన మేడం' అని ఉన్నది. చెయ్యాల్నా వద్దా అని రెండు దినాలు ఆలోచన చేసిన."

"లేచిపోయింది ఎవరితోనూ కాదమ్మా. కుర్చీలోంచి."

ఆ పిల్ల పెద్దగా ఊపిరి వదిలింది. "గట్లనా! జర మా అమ్మకు ఈ మాట మీరే చెప్పుండ్రి మేడం. దినాలకు రండి."

మాది ప్రొద్దుటూరు. బట్టల అంగడి. నాకు ఎక్కాల కంటే ముందు బేరం వచ్చింది. ధర విన్నాక గిరాకీ చీర వైపు చూసిందా, పక్కనున్న వదిన వైపు చూసిందా, మడత మీంచి చెయ్యి తీసిందా, ఇంకా ఉంచిందా, ఇవన్నీ గల్లాపెట్టె పక్కన పీట వేసుకుని చూస్తూ పెరిగాను. ఆ విద్యలన్నిటిలో రాజవిద్య లేచిపోవడం. ధర కుదరకపోతే గిరాకీ చేతిసంచి సర్దుకుని లేస్తుంది. నిజంగా పోదు. మా అంగడికి మూడు మెట్లు. మొదటి మెట్టు మీదే పిలిస్తే మనకు అమ్ముకునే ఆత్రం ఉందని తెలిసిపోతుంది. మూడోది దిగితే ఎదురంగడివాడు పిలిచేస్తాడు. మా నాన్న సరిగ్గా రెండో మెట్టు మీద పిలిచేవాడు. "రాండి మ్మా, మీ మాటే కానీండి." లేచినవాళ్లను ఎవరో ఒకరు పిలుస్తారు. లోకం ఈ మాత్రం ఏర్పాటుతో నడుస్తుందని నాకు గట్టి నమ్మకం.

ఆ నమ్మకంతోనే హైదరాబాదు వచ్చి హైటెక్ సిటీలో ఉద్యోగంలో చేరాను. మాదాపూర్‌లో ఆడపిల్లల హాస్టల్‌లో ఉండేదాన్ని. నాన్న తను బాడుగకుంటున్న అంగడి గదిని కొనాలని ఏళ్ల తరబడి కూడబెట్టాడు. తీరా అడిగితే గది ఓనరు అమ్మనన్నాడు. "ఈ దుడ్డు ఈడుంటే మంచులా కరిగిపోతాది పాపా. ఆడ యాదన్నా స్థలం చూడు" అని మొత్తం నా ఖాతాలో వేశాడు. మా ఇంటికి ఉన్నది అంతే. ఒకసారి తప్పు చోట పెడితే రెండోసారి పెట్టడానికి ఏమీ మిగలదు.

సరిగ్గా అప్పుడే ఊరు ఉడుకెత్తింది. వారంలో రెండు రోజులు బంద్. టీవీలో కింద పరిగెత్తే అక్షరాల్లో పొద్దున రాష్ట్రం వచ్చేసేది, సాయంత్రానికి ఆగిపోయేది. హైదరాబాదును ఢిల్లీ కిందికి తీసుకుంటారని ఒకరు, మనవాళ్ల ఇళ్లకు ఎర్ర గీతలు పెడుతున్నారని ఇంకొకరు. ఆఫీసు క్యాంటీన్‌లో ఇడ్లీ తింటూ జనం స్థలాలు అమ్మేసేవారు. అమ్మేవాళ్లు గుసగుసగా మాట్లాడేవారు, కొనేవాళ్లు ఇంకా గుసగుసగా. నాకు ఒక చోట నిలకడగా కూర్చోవడం చేతకాకుండా పోయింది. ఖాతాలో నాన్న దుడ్డు, చెవుల్లో పుకార్లు. కొంటే పోతుందేమోనని భయం, కొనకపోతే ఇక దొరకదేమోనని ఇంకో భయం.

కొత్తగా ఈ దారిలోకి వచ్చినవాళ్లు చేసే పిచ్చి పనులన్నీ చేశాను. కనిపించినవాడికల్లా ఆఫీసు విజిటింగ్ కార్డు ఇచ్చాను. నా దగ్గర ఎంతుందో అడగకపోయినా చెప్పాను. ఒకాయన రాళ్ల గుట్ట ఎక్కించి, కళ్లు మూసుకుని ఊహించుకోమన్నాడు. చివరికి మా ఆఫీసు క్యాబ్ డ్రైవరే జాలిపడి దారి చెప్పాడు. లింగంపల్లి స్టేషన్ దగ్గర ఇరానీ హోటల్ మేడ మీద ఆదివారం పొద్దున భూములు కొని అమ్మేవాళ్లు చేరతారట.

మెట్లెక్కి పోతే తలుపు మీద 'ఫ్యామిలీ సెక్షన్' అని బోర్డు. లోపల అంతా మగవాళ్లే. ఆ బోర్డు నా అడుగుతోనే మొదటిసారి నిజమై ఉంటుంది. అందరూ కూర్చున్నారు, ఒక్కాయన తప్ప. తర్వాత నా ఫోన్‌లో నల్లగండ్ల రెండెకరాలుగా చేరింది ఆయనే. పొడుగు మనిషి, సన్నం. తెల్ల చొక్కా, జేబులో ఎన్నడూ మూత తీయని పెన్ను, కొట్టొచ్చినట్టు నల్లటి జుట్టు. యాభై దాటాయని, జుట్టుది రంగని ఎవరూ అడగకముందే తనే చెప్పేవాడు.

"ఎవరు గావాలె మేడం?"

"స్థలాల గురించి మాట్లాడేవాళ్లు ఇక్కడ ఉంటారని..."

"ఉన్నం గద. నువ్వేం తెచ్చినవు?"

డబ్బు సంగతనుకుని నా లెక్క చెప్పబోయాను. ఆయన అరచెయ్యి అడ్డం పెట్టాడు. "పైసల ముచ్చట లోపటనే ఉంచుకో. ఎవ్వడడిగిండు నిన్ను? ముచ్చట ఏం తెచ్చినవంటున్న. ఉత్త చేతులతోని వస్తే చాయ్ ఎట్ల తాపాలె?"

అక్కడ ప్రవేశానికి అదే రుసుము. ఆదివారం వచ్చేవాడు ఒక కొత్త ముచ్చట తేవాలి. ఏ చెరువు పక్కన సర్వే జరుగుతోంది, ఏ స్కూలువాళ్లు ఎక్కడ స్థలం చూస్తున్నారు, అలాంటిది. నాకేం తెలుసు? నాకు తెలిసింది నా క్యాబ్ ఒక్కటే.

"మా కంపెనీ క్యాబ్ ఈ నెల నుంచి నల్లగండ్ల లోపలి దాకా పోతోంది. ఇంతకుముందు లింగంపల్లిలోనే దింపేసేవాళ్లు" అన్నాను.

చాయ్ కప్పులు ఆగిపోయాయి.

"ఎంతమంది దిగుతున్నరు గాడ?"

"నా క్యాబ్‌లోనే నలుగురు."

"కిరాయికున్నరా, కొన్నరా?"

"ఇద్దరు కొన్నారు."

ఆయన తలుపు దాకా పోయి కిందికి కేకేశాడు. "మేడంకు ఒక్క చాయ్, మలాయ్ ఏసి!" ఆ గుంపులో నేను అలా చేరాను. ఆ పొద్దు నుంచి ఆయన ఎవరికి చూపించినా "మన పార్టీ" అని చూపించేవాడు.

ఆ లోకంలో అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడి మాట కుదిర్చేవాణ్ని పెద్దమనిషి అంటారు. మిగతావాళ్లు నిలబడటాన్ని మాటవరసకు అనుకుంటే ఈయన నిజంగానే నిలబడేవాడు. బేరానికి రెండు పక్షాలూ చేరడాన్ని సిట్టింగ్ అంటారు. సిట్టింగ్‌లో ఈయన కూర్చోడు. కుర్చీల వెనక గుండ్రంగా తిరుగుతూ మాట్లాడతాడు. ఆ గొంతు ఇప్పుడు ఎడమ చెవిలో వినిపిస్తే, ఇంకాసేపటికి కుడి చెవిలో. వెనక్కి తిరిగి చూసేసరికి ఎదుటివాడి భుజం మీద చెయ్యేసి ఉంటాడు. చాయ్ సాసర్‌లో పోసుకుని నడుస్తూనే తాగేవాడు. ఒక్క చుక్క చొక్కా మీద పడగా నేను చూడలేదు.

ఎదుటి మనిషిని బట్టి భాష మార్చానని ఆయన అనుకునేవాడు. కోస్తా వాళ్లతో ప్రతి మాటకూ ఒక 'అండి' తగిలించేవాడు. "మీరు ఫికర్ జేయకుండ్రండి. గట్లనే జేద్దామండి." నాతో మాత్రం మేడం అంటూనే నువ్వు అనేవాడు.

స్థలం చూపించడానికి తీసుకుపోతే స్థలానికి వీపు పెట్టి నిలబడేవాడు. నేను హద్దురాళ్లు లెక్కపెడుతుంటే విసుక్కునేవాడు. "మట్టి యాడికి పోతది మేడం? తొవ్వ సూడు. తొవ్వ మీద ఎవరు వోతున్నరో సూడు." మేమిద్దరం ఎండలో నిలబడి పోయే జనాన్ని చూసేవాళ్లం. టిఫిన్ డబ్బా పట్టుకున్నవాళ్లు పోతే ఆయన మొహం వెలిగేది. కార్లలో అద్దాలు ఎక్కించుకుని పోయేవాళ్లను లెక్కలోకి తీసుకునేవాడు కాదు. "గీళ్లు మనలెక్కనే, సూడనీకి వస్తరు. డబ్బా వట్టుకున్నోడు ఉండనీకి వస్తడు."

ఆయన కూర్చోగా నేను రెండే సార్లు చూశాను.

మొదటిది గచ్చిబౌలి చౌరస్తాలో. ఉద్యమంవాళ్లు నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. మా క్యాబ్ ఆగిపోయింది. లోపల మేం ఐదుగురం ఐడీ కార్డులు చొక్కాల లోపలికి తోసేసుకుని, యాస బయటపడుతుందేమోనని నోళ్లు కూడా మూసుకుని కూర్చున్నాం. చూద్దును కదా, రోడ్డు మధ్య పట్టా మీద, మెడలో కండువాతో, ముందు విస్తరితో, బాసింపట్టు వేసుకుని మా పెద్దమనిషి. ఆయన నన్ను చూసేశాడు.

"మేడం! ఆదివారం తెల్లాపూర్‌ది సిట్టింగున్నది. యాద్ మర్వకు!"

చౌరస్తా మొత్తం నా వైపు తిరిగింది. మా టీమ్ లీడ్ విశాఖ ఆయన, సీట్లో కిందికి జారిపోయి అడిగాడు. "ఎవరండీ ఆయన? మీకు తెలుసా?"

"మా బంధువు" అన్నాను.

ఆయన పక్కనున్నవాణ్ని పంపి కిచిడీ విస్తళ్లు క్యాబ్‌లోకి ఇప్పించాడు. "లోపలున్నోళ్లకు గుడ వెట్టు, పొద్దటి నుంచి ఏం తిన్నరో ఏమో!" తిన్నాం. ఉప్పు కాస్త ఎక్కువైంది కానీ టీమ్ లీడ్ రెండోసారి పెట్టించుకున్నాడు.

ఆ ఆదివారం నేను అడిగాను. "మొన్న రోడ్డు మీద అంత నింపాదిగా కూర్చున్నారు కదా. ఇక్కడెందుకు కూర్చోరు?"

"గాడ నాది నేనడిగిన మేడం. గీడ ఎవరిది వాళ్లది. నేను కూసుంటే ఒకని దిక్కు కూసున్నట్టయితది."

"మీ రాష్ట్రం వస్తే మమ్మల్ని పొమ్మంటారా?"

ఆయన తిరగడం ఆపాడు. నిజంగా ఆశ్చర్యపోయాడు. "నిన్నెవడు పొమ్మన్నడు? పట్టుబట్టి కొనిపిస్తున్న గద! పొమ్మనేటోడు రిజిస్ట్రేషన్ చేపిస్తడా?"

ఆ తెల్లాపూర్ స్థలం ఒక గుంటూరు ఆయనది. నాలాగే కంప్యూటర్ల ఉద్యోగం, నాకంటే పెద్ద పదవి. "మా మావగారు రోజూ ఫోన్ చేస్తున్నారండీ, ఉన్నది అమ్ముకుని వచ్చెయ్యమని. మా ఆవిడైతే సామాను కూడా సర్దేసిందండీ" అని తన భయాన్ని తనే బల్ల మీద పెట్టేసుకున్నాడు. అమ్మేవాడు అలా మాట్లాడితే మా ప్రొద్దుటూరు నెత్తురు ఊరుకుంటుందా? ఆయన చెప్పిన రేటును ఒకసారి దింపాను. మళ్లీ దింపాను. సిట్టింగ్‌కు ముందే పెద్దమనిషి నాకు చెప్పి ఉన్నాడు. "మంచి జాగ, మంచి మనిషి. బేరమాడాలె కాబట్టి ఆడు. తెగేదాంక గుంజకు. నువ్వు నా పార్టీవని చెప్పిన." నేను తలూపాను. గుంటూరు ఆయన ఒక దగ్గర ఆగి, ఇంక నావల్ల కాదమ్మా అన్నాడు. నేను అడిగినదానికీ ఆయన ఆగినదానికీ మధ్య తేడా గజానికి వంద. మొత్తం మీద ఇరవై వేలు.

నాకు ఆ వంద కనిపించలేదు. ఎదుటి మనిషి కళ్లలో భయం కనిపించింది. ఒక్కసారి లేస్తే చాలు అనిపించింది.

హ్యాండ్‌బ్యాగు తీసుకున్నాను. జిప్పు చప్పుడయ్యేలా లాగాను. "సరేనండీ, మీరూ ఆలోచించుకోండి" అని లేచాను. తలుపు దాకా నింపాదిగా నడిచాను. మా అంగడిలాగా ఆ హోటల్‌కూ మూడే మెట్లుంటే బాగుండేది. అవి ఒక మలుపు తిరిగి, ఇంకా కిందికి పోతూనే ఉన్నాయి. రెండో మెట్టు మీద చెప్పు పట్టీ సర్దుకున్నాను. మలుపు దగ్గర మళ్లీ సర్దుకున్నాను. పైనుంచి ఏ గొంతూ రాలేదు. కింద గల్లా దగ్గరవాడు "పార్సెలా మేడం?" అని అడిగాడు.

బయట పాన్ డబ్బా పక్కన ఫోన్ చెవికి పెట్టుకుని, ఎవరూ లేని ఫోన్‌లో కాసేపు ఊ కొట్టాను. ఆఖరికి సిగ్గు వదిలి సగం మెట్లు ఎక్కి తొంగిచూశాను. నా కుర్చీలో ఆయన కూర్చుని ఉన్నాడు. నేను తాగి వదిలేసిన కప్పు పక్కకు జరిపి, రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని. నన్ను చూశాడు. పిలవలేదు.

అంతా అయ్యాక కిందికి వచ్చి పాన్ డబ్బా దగ్గర నా పక్కన నిలబడ్డాడు.

"ఏంది మేడం గిట్ల జేస్తివి?"

"పిలుస్తారనుకున్నాను."

"ఎవరు పిలుస్తరు?"

"మీరే. ఎవరో ఒకరు."

"సంచి వట్టుకొని పోతివి గద! బయటికి పోయేటోడు తాళంచెవో, ఫోనో బల్ల మీద పెట్టి పోతడు. పెట్టి పోతే మళ్లొస్తడని. నువ్వు సంచి గూడ తీస్కపోతివి. ఇగ ఏమని పిలువాలె?"

నేను ఆ తాళంచెవులను వారాల తరబడి చూశాను. కారు కంపెనీ బొమ్మ నలుగురికీ కనపడాలని పెట్టి పోతారనుకున్నాను.

"మరి మీరెందుకు కూర్చున్నారు?"

"సారు నా మాట మీద ఇంకో పార్టీని వద్దన్నడు. నా పార్టీ లేస్తే ఆ జాగల నేను కూసోవాలె. టోకెన్ ఇచ్చిన. మిగిలింది కడతనన్న."

"మీ దగ్గర అంత డబ్బుందా?"

ఆయన రోడ్డు మీద పోయేవాళ్లను చూశాడు. "ఉంటే పొద్దుగాల్నే కొందును గద."

ఆ సాయంత్రం నాన్నకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆయన చాలాసేపు ఒకే ఒక్క విషయం దగ్గర ఆగిపోయాడు. "రెండో మెట్టు దిగినాక గూడా పిలవలేదా? అదేం యాపారం పాపా?"

రెండు వారాలకు పెద్దమనిషి నుంచి ఫోన్ వచ్చింది. "మేడం, నీ కుర్చీ ఖాళీ చేసిస్త. వస్తవా? గదే రేటు. నాకేం వద్దు." గొంతులో అలవాటైన హుషారు ఉంది. దాని అడుగున ఉన్నదాన్ని కూడా నేను పోల్చుకున్నాను. పోల్చుకోకపోతే బాగుండేది. ఎదుటివాడికి అవసరమని తెలియగానే నా నోరు తనంతట తనే పని చేసింది.

"ఆ వంద తగ్గిస్తే వస్తాను."

ఆయన నవ్వాడు. కోపం లేని నవ్వు, నిజంగానే తమాషా అనిపించినప్పుడు నవ్వే నవ్వు. "నీ దుకాణం సల్లగుండ మేడం! ఇగ ఉంట."

తర్వాత కొన్ని ఆదివారాలు పోయాను. చాయ్ వచ్చేది, మలాయ్ కూడా వచ్చేది. ముచ్చట్లు మాత్రం నేను కూర్చోగానే క్రికెట్ మీదికి మళ్లేవి. ఆయన కుర్చీల వెనక తిరుగుతూనే ఉన్నాడు కానీ నా కుర్చీ దగ్గర గొంతు ఆగేది కాదు. పొమ్మని ఎవరూ అనలేదు. నేనే మానేశాను. రాష్ట్రం వచ్చింది, నా క్యాబ్ తెల్లాపూర్ దాకా పోయింది, పెళ్లయింది, అప్పు చేసి ఫ్లాటు కొనుక్కున్నాను. నా కథ మాత్రం విందు విందుకూ పెరిగి, వందల నుంచి కోట్లకు చేరింది.

దినాలకు వెళ్లాను. నల్లగండ్లలో టవర్ల మధ్య ఒక సన్న గల్లీలో రెండంతస్తుల ఇల్లు. దండ వేసిన ఫోటోలో కూడా నిలబడే ఉన్నాడు. కూర్చున్న ఫోటో వెతికితే దొరకలేదట. వాళ్ల అమ్మకు నేనెవరో, ఎందుకు లేచానో చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి, ఆ వెంటనే ఏడ్చి, "గా మేడంవు నువ్వేనా! పెండ్లిల్ల కూసున్నా నీ ముచ్చటే చెప్తుండె" అంది.

కూతురు చాయ్ తెచ్చింది. నేను అడిగాను. "ఆ తెల్లాపూర్ స్థలం మీద మీ నాన్నకు తర్వాత బాగానే మిగిలి ఉంటుంది కదమ్మా?"

"యాడ మిగుల్తది మేడం? రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఆ సారుకు కట్టిండు. దసరా కాడికెంచి ఉగాది దాంక అడిగినోడు లేడు. అన్నీ బందులే గద అప్పుడు. అడిగినోడొకడు గదే రేటుకు అడిగిండు, ఇచ్చేసిండు. వడ్డీ మీదవడ్డది. ఆ యేడు నన్ను నారాయణగూడల హాస్టల్ల ఏస్తనన్నడు. ఎయ్యలే. లింగంపల్లి నుంచి రైల్ల వోయొచ్చిన." చాయ్ నా చేతికిచ్చి నవ్వింది. "మంచిగనే అయింది. రైల్ల మస్తు దోస్తులైన్రు."

"తర్వాత నాలాంటి కొత్తవాళ్లను ఎవరినైనా సిట్టింగ్‌లకు తీసుకుపోయేవారా?"

"కొత్తోళ్లనా? లేదు మేడం. ఎరుకున్నోళ్లనే."

ఇంటికి వచ్చి లెక్క వేశాను. మా అంగడి పద్ధతిలో ముందు అబద్ధపు పద్దులు కొట్టెయ్యాలి. మొదటిది నా కోట్లు. ఆ ఉగాది దాటగానే ప్రొద్దుటూరులో గది ఓనరు మనసు మార్చుకున్నాడు. నాన్న దుడ్డు వెనక్కి పంపమన్నాడు. పంపాను. ఆ గది ఇప్పుడు మాది. తెల్లాపూర్ స్థలం నేను కొని ఉంటే, ఆ వారమే, ఆ భయంలోనే, వచ్చినంతకు అమ్మి పంపేదాన్ని. దాన్ని ఇన్నేళ్లు పట్టుకుని ఉండటం నా వల్ల జరిగే పని కాదు. కాబట్టి ఆ కోట్లు నావి ఎప్పుడూ కావు. నావి కానివి పోవడం కూడా కుదరదు. ఇక గజానికి వంద మిగిల్చానన్నది రెండో అబద్ధం. కొననిదాని మీద మిగులేమిటి? రెండూ కొట్టేస్తే నా వైపు ఒక్క రూపాయి నష్టం లేదు. నేను ఇన్నేళ్లూ విందుల్లో చెప్పుకున్నది నా నష్టమే కాదు.

రెండో వైపు రెండు వందల గజాల ధర మీద రెండు రూపాయల వడ్డీ, దసరా నుంచి ఉగాది దాకా. కలిపాను. నమ్మకం కుదరక మళ్లీ కలిపాను. నేను ఏ ఇరవై వేల కోసం లేచానో, దానికి ఏడింతలు వచ్చింది. ఒక పిల్ల హాస్టలు, ఆ తర్వాత హోటల్ మేడ గడప దాకా కూడా రాలేకపోయిన కొత్తవాళ్లు, వీటికి ఏ రేటు వెయ్యాలో నాకు తెలియదు, అందుకని కలపలేదు. కలిపినంత వరకు మాత్రం లెక్క సరిగ్గా ఉంది. మొత్తం ఆయన కట్టాడు.